పోస్టుమేన్ కుడికాలు

గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక జత లోపలికొస్తుంది, ఒక జత బయటికి పోతుంది. ముఖాలు నేను చూడను. నలభై ఆరేళ్లు నేలమీద కూర్చుని చెప్పులు కుట్టినవాడికి మనుషులు మోకాళ్ల దగ్గరే అయిపోతారు, ఆ పైన ఉండేదంతా మాటలే, మాటలతో నాకు పెద్దగా పని పడలేదు. ఇప్పుడొచ్చినాయన ఎడమ మడమ బయటివైపు అరిగింది, ఎప్పుడూ ఒకే భుజాన సంచి మోసే ఉద్యోగమై ఉండాలి. ఆ వెనకాల వచ్చినావిడ కొత్త జత వేసుకుంది, కరుస్తున్నాయి పాపం, అడుగు తీసి అడుగు వేయడానికి లోపల్లోపలే ఏడుస్తోంది, మడమ అంచుకి లోపలివైపు కాస్త కొవ్వొత్తి రుద్దితే సరిపోయేది, ఎవరూ చెప్పినట్టు లేదు, నేనూ చెప్పను. బ్యాంకు చల్లగా ఉంది. కుర్చీ మెత్తగా ఉంది, ఇంత మెత్తటి దాంట్లో కూర్చుంటే నడుం ఎక్కడ ఆనించాలో తెలియదు. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో ఒక రేకు డబ్బా, ఒక కాలు. కాలంటే కాయితం కాలు. పోస్టుమేన్‌ది, కుడిది. నా కూతురు ఎదురుగా గాజుగదిలో ఇంటి లోను ఇచ్చే మేడం ముందు కూర్చుంది. ఆ గాజుకి మోకాళ్ల ఎత్తు నుంచి పైదాకా తెల్లటి మసక పూశారు, లోపలివాళ్ల ముఖాలు బయటికి కనపడకూడదని. కింద మాత్రం పూయలేదు. నాకోసమే వదిలేసినట్టుంది. బల్ల కింద రెండు జతల కాళ్లు కనిపిస్తున్నాయి. లోపల మాట ఎటు నడుస్తోందో ఇక్కడున్న వాళ్లందరిలో నాకొక్కడికే తెలుస్తోంది.

కూతురి బూట్లు నేను కుట్టినవే. నల్లవి, కుడిదానికి వేళ్ల కింద రెండు పొరలు వేశాను, ఎందుకంటే అది సిటీ బస్సు నడుపుతుంది, రోజుకి ఎనిమిది గంటలు ఆ కుడికాలే పెడలు మీద ఉంటుంది, మామూలు అట్ట అయితే ఆర్నెల్లకి బొక్క పడుతుంది. ఇప్పుడు ఆ కుడి మడమ కొంచెం పైకి లేచి ఉంది. ముందు ఏదో అడ్డం వస్తోందని దానికి అనుమానం. మేడం కాళ్లు మటుకు తాపీగా ఉన్నాయి, ఎడమ బూటు లోంచి మడమ బయటికి తీసి పెట్టుకుంది, అర సైజు చిన్నది కొనుక్కుంది, షాపువాడు సాగుతుందని చెప్పి ఉంటాడు, సాగదు, అది తోలు కాదు. పొద్దున బస్సు దిగి ఇక్కడికి నడుస్తూ కూతురు నాకు చెప్పిన మాట ఒకటే. లోపలికి పిలిస్తే నువ్వేం మాట్లాడకు నాన్నా, వాయిదాలు నేనే మర్చిపోయానని చెప్తాను. మాట్లాడకు అని నాకు చెప్పాల్సి రావడం నా జన్మలో ఇదే మొదలు. మా ఆవిడ వింటే పొట్ట పట్టుకుని నవ్వేది. పెళ్లయిన కొత్తలో నేను మూగవాణ్నేమో, పెద్దవాళ్లు తనకి చెప్పకుండా దాచారేమో అని వారం రోజులు భయపడ్డానంటుంది. ఎనిమిదో రోజు ఉప్పు ఎక్కువైందన్నానట. మూగవాడైనా బాగుండేదనుకున్నానంటుంది.

మా ఆవిడ ఇంట్లో ఉంది, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు, మోకాళ్లు రెండూ పాడయ్యాక ఆవిడ వారానికొక్కసారి కిందికి దిగుతుంది, దిగినప్పుడు వీధి వీధంతా వినబడేలా ఇంటి ఓనర్ని తిట్టి మళ్లీ ఎక్కుతుంది. ఇప్పుడు కొనాలనుకుంటున్న ఇల్లు కింది అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది, వీధివైపు ఒక అరుగులాంటి వరండా. గోడల రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది, కుళాయి కారుతుంది, పర్లేదు. చూడ్డానికి వెళ్లినరోజు నేను గదులు చూడలేదు, వరండాలో కూర్చుని చూశాను. వెలుతురు ఎడమవైపు నుంచి పడుతుంది. కుట్టేవాడికి వెలుతురు ఎడమవైపు నుంచే పడాలి, కుడివైపు నుంచి పడితే తన చెయ్యి నీడ తన సూది మీదే పడుతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నా బడ్డీ పోయింది, అప్పట్నుంచి మెట్లకింద, మీటర్ల పెట్టెల పక్కన కూర్చుని కుడుతున్నాను, అక్కడ వెలుతురు అసలు ఏవైపు నుంచీ పడదు. కూతురు గదుల కొలతలు తీసుకుంది, మా ఆవిడ గడప దాటి లోపలికి, లోపల్నుంచి బయటికి నాలుగైదుసార్లు నడిచింది, మెట్టు లేని గడప చూసి మురిసిపోయింది, ఇదేదో కాలి పట్టీలు కొనిచ్చినంత సంబరం. ఆ ఇంటాయన నెమ్మదైన మనిషే. ఇవాళ్టి సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇంకొకళ్లు నగదు పట్టుకుని సిద్ధంగా ఉన్నారట. సాయంత్రం ఐదు. గోడమీద గడియారంలో పదకొండు అవుతోంది.

పదకొండు రోజుల కింద ఇదే గదిలో ఈ మేడమే కూతురికి చెప్పిందట, నీ జీతం బాగుంది, ఉద్యోగం గట్టిది, కానీ నీ పేరు మీద ఒక పాత బాకీ ఉంది, తొమ్మిదేళ్లయింది, కట్టలేదు, అప్పిచ్చినవాళ్లు ఇక రాదని కొట్టేసి ఇంకో కంపెనీకి అమ్మేశారు, అది తేలేదాకా లోను కదలదు అని. బాకీని కూడా అమ్ముకుంటారని నాకు అప్పుడే తెలిసింది. పాత చెప్పులు కొంటారు, పాత ఇనుము కొంటారు, పాత బాకీ కొనేవాళ్లు కూడా ఉన్నారన్నమాట. కూతురు నాకేం బాకీ లేదని గట్టిగా చెప్పి, కాయితం చూసి, అందులో కుట్టుమిషన్ షాపు పేరు చూసి నోరు మూసుకుంది. ఇంటికొచ్చి నా ముందు నిలబడింది. కాళ్లే చూశాను. రెండూ పక్కపక్కన, బడిలో తప్పు చేసిన పిల్ల నిలబడ్డట్టు నిలబడింది. తప్పు చేసింది నేను. నిలబడింది అది. కుట్టుమిషన్ వాయిదాలు అయిపోయాయన్నావు కదా నాన్నా, అంది. అంతే అంది. అరిస్తే బాగుండేది. వాళ్లమ్మలా అరిచే కూతురైతే ఆ పూటతో పోయేది, అది నాలాగ పుట్టింది.

ఆ మిషన్ కొన్నప్పుడు దానికి పంతొమ్మిదేళ్లు. అప్పటికి డ్రైవరు కాదు, కండక్టరుగా కొత్తగా చేరింది, మొదటి జీతం కాయితం ఇంకా మడత పడలేదు. చేత్తో ఆరె పెట్టి పొడిచి కుడితే నాకు రోజుకి ఒకటిన్నర జత, అదే మిషనుంటే నాలుగు జతలు. మందపు తోలు కుట్టే మిషన్, దాని సూది నా చిటికెన వేలంత ఉంటుంది, షాపు కిటికీలో పెట్టారు, రోజూ వెళ్లేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి చూసేవాణ్ని, మా ఆవిడ ఆ షాపువైపు వెళ్లనిచ్చేది కాదు, మొగుడు ఇనప దాన్ని చూసి మనసు పారేసుకున్నాడని నలుగురికీ చెప్పుకునేది. ఇరవై నాలుగు వాయిదాలన్నారు. సంతకం జీతం ఉన్నవాళ్లది కావాలన్నారు. నాకు జీతం లేదు, నా సంతకం కూడా సంతకంలా ఉండదు, చెప్పుకి మేకులు కొట్టినట్టుంటుంది ఒక్కో అక్షరం. కూతురు ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టేసింది, తన సంతకం అలవాటు లేక పేరు పూర్తిగా రాసింది, చివర ఒక గీత గీసి మురిసిపోయింది. ప్రతి నెలా మొదటి సోమవారం నేనే వెళ్లి కట్టేవాణ్ని. షాపువాడు నల్లటి పుస్తకంలో రాసి, రసీదు చింపి, టీ తాగుతావా అనేవాడు. తల ఊపేవాణ్ని. ఇరవై ఒక్క వాయిదాలు, ఇరవై ఒక్క టీలు. ఇరవై రెండో సోమవారం వెళ్తే షట్టరు దించి ఉంది. ఎదురుగా ఉన్న మెట్టు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. తర్వాతి వారం వెళ్లాను, ఆ తర్వాతి నెల వెళ్లాను, షట్టరు మీద కాయితం అంటించి ఉంది, ఏదో పెద్ద మాటలు, కూడబలుక్కుని మొదటి వరస చదివేసరికి వాన మొదలైంది. పక్క బట్టల కొట్టు ఆయన్ని అడిగితే, మూసేశారు పెద్దాయనా, దివాలా, నీ పంట పండింది పో, అన్నాడు.

నా పంట పండిందని నేననుకోలేదు. ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే, తీసుకునే మనిషి తలుపేసుకుంటే వచ్చేదాకా దాచాలి, అంతే. మా పనిలో అలాగే. బాగుచేయించుకోవడానికి ఇచ్చిన జత ఎవరైనా రెండేళ్లు తీసుకెళ్లకపోయినా అమ్ముకోము, మేకుకి తగిలించి ఉంచుతాము. ఒకాయన ఏడేళ్లకి వచ్చాడు, చిన్నప్పుడిచ్చిన బూట్లు, కాళ్లు పెరిగాయి, అయినా తీసుకెళ్లాడు. అలాగే షాపువాడూ వస్తాడనుకున్నాను. మిగిలిన మూడు వాయిదాలు మూడు నెలలూ తీసిపెట్టి, ఒక్కోటి ఒక్కో కాయితంలో చుట్టి, దారం కట్టి, పాలిష్ డబ్బాలో పెట్టి మూతేశాను. ఇల్లు గడవని నెలలు వచ్చాయి. మా ఆవిడకి మోకాళ్ల ఇంజక్షన్లప్పుడు వచ్చింది, రోడ్డు వెడల్పుకి బడ్డీ పోయినప్పుడు వచ్చింది. డబ్బా ముట్టుకోలేదు. అదంతా నాకు గుర్తుంది, గర్వంగానే గుర్తుంది, కానీ ఆ గర్వం పక్కనే ఇంకోటి ఉంది. ఇరవై నాలుగో నెల అయిపోయిన రోజు కూతురు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, మిషన్ వాయిదాలు అయిపోయాయి కదా నాన్నా అని అడిగింది. నేను తలెత్తకుండా, ఊ, అన్నాను. కట్టాల్సింది కట్టేశానని కాదు, కట్టే చోటు లేదని, డబ్బు దాచానని, షాపు మూశారని, ఇదంతా చెప్పాలంటే ఎన్ని మాటలు. ఊ అంటే ఒక్క అక్షరం. మూడేళ్ల బడిలో నాకు గట్టిగా వచ్చింది ఆ అక్షరమేనేమో. తొమ్మిదేళ్లకి దానికి వడ్డీ పెట్టి తెచ్చారు.

ఉత్తరాలు వచ్చేవి. అది కూడా చెప్పాలి. ఏడాదికి ఒకటో రెండో, కూతురి పేరు మీద, పాత చిరునామాకి రాసి ఉంటే దాన్ని కొట్టేసి పోస్టుమేన్ మా వీధికి తెచ్చేవాడు. మంచి కాయితం, దళసరి, ఒకవైపు అచ్చు, వెనకవైపు తెల్లగా. కవరు మీద పేరు నేనెరగని కంపెనీ. సబ్బులవాళ్లో, టీవీలవాళ్లో అనుకున్నాను, అలాంటి కాయితాలు అందరికీ వస్తూనే ఉంటాయి. నాకు కావల్సింది వెనక వైపు. కొలత తీయడానికి కాయితం మెత్తగా ఉంటే అంచు ముడుచుకుంటుంది, అట్ట అయితే కాలు కింద వంగదు, ఈ ఉత్తరాలు కాలుకోసమే చేసినట్టుండేవి. మనిషిని నిలబెట్టాలి, కూర్చున్న కాలు అబద్ధం చెబుతుంది. పెన్సిలు నిటారుగా పట్టాలి, లోపలికి వాలిస్తే చెప్పు బిగుతు, బయటికి వాలిస్తే జారుడు. గీశాక గీతకి కొంచెం అవతలగా కోయాలి, వెనక మనిషి గుర్తు వేయాలి, పాలావిడ, పెద్ద పంతులు, కుంటి వడ్రంగి. పేర్లు రాయను, రాస్తే నాకే చదవడానికి పొద్దుపోతుంది, బొమ్మలు వేస్తాను, పాలావిడకి చెంబు, పంతులికి కళ్లజోడు. అలా కూతురి బాకీ మీద ఊళ్లో సగం మందికి చెప్పులు కుట్టాను. ఐదేళ్ల కింద ఒకరోజు పోస్టుమేన్ అలాంటి ఉత్తరమే తెచ్చి, నాకో జత కావాలి, ఈ కుడికాలు ఏ షాపు బూటులోనూ పట్టట్లేదు, అన్నాడు. ఆయన బొటనవేలి మొదట్లో ఎముక పక్కకి పొడుచుకొచ్చి నిమ్మకాయంత ఉంది, నడిచీ నడిచీ. చేతిలో ఆయన తెచ్చిన ఉత్తరమే ఉంది. తిప్పి నేలమీద వేసి, నిలబడు అన్నాను. చదివించుకోవా, అని అడిగాడు ఆయన. తర్వాత, అన్నాను. ఆ తర్వాత ఇప్పుడొచ్చింది.

కూతురు బాకీ కట్టేద్దామంటే ఎవరికి కట్టాలో తెలియలేదు. పాత షాపు లేదు. బాకీ కొన్న కంపెనీ పేరు బ్యాంకు కాయితంలో లేదు, వాళ్లు అమ్మేశామని మాత్రమే రాశారు. ఎక్కడెక్కడో ఫోన్లు చేసింది, కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి, నీ ఖాతా నంబరు చెప్పు అంటారు, ఆ నంబరు వాళ్లు పంపిన ఉత్తరాల్లో ఉంటుందంటారు, నాకు ఏ ఉత్తరాలూ రాలేదని ఇది పోట్లాడుతుంది. నేను పక్కనే కూర్చుని వింటున్నాను. మూడురోజులు విన్నాను. నాలుగోనాడు మా ఆవిడ నావైపు చూసి, ఏంటి, తిన్నది అరగలేదా, చెప్పేదేదో చెప్పి చావు, అంది. ఆవిడకి నా మౌనాల్లో రకాలు తెలుసు. లేచి, మెట్లకింద మేకుకి వేలాడుతున్న కొలతల కట్ట తెచ్చి కూతురు ముందు పెట్టాను. ముప్ఫై ఏడు కాళ్లు. తిరగేసి చూడు, అన్నాను. అది ఒక్కో కాలూ తిరగేసింది. మొదటిది అర్థం కాలేదు. రెండోది చదివింది. మూడోది చదివి నావైపు చూసింది. మా ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, అప్పులవాళ్ల కాళ్లు పట్టుకునేవాళ్లని చూశాం గాని అప్పు మీద కాళ్లు గీసేవాణ్ని నిన్నే చూశాను, అంది. అందులో పదకొండు కాళ్లు ఆ కంపెనీ ఉత్తరాలే. కానీ నంబరు కుడి అంచున ఉంటుందట, అచ్చంగా నేను కత్తిరించి పారేసే చోట. పాలావిడ కాలు సన్నం, నంబరు పోయింది. పంతులుగారికి చివరి మూడంకెలు మిగిలాయి. వడ్రంగికి మొదటి రెండు. ఒక్కో కాలూ వేళ్ల దగ్గర నంబరు తెగి తేలుతుంటే కూతురు దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. చివరికి కవరు బొమ్మ వేసిన కాలు వచ్చింది, పోస్టుమేన్‌ది. ఆ నిమ్మకాయ ఎముక కోసం నేను కత్తెరని బయటికి తిప్పి కోసిన చోట, ఆ గుండ్రటి బొడిపెలో, పన్నెండంకెలూ ఉన్నాయి. ఒక్కటి పోలేదు. దాని కింద పాత షాపు పేరు, కొత్త కంపెనీ పేరు, రెండూ ఒకే వరసలో. కూతురు ఆ నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకే పైకి చదివింది. మా ఆవిడ, ఆ మనిషి కాలు చల్లగుండ, అంది.

ఫోను చేసింది, కట్టింది. నా డబ్బాలో ఉన్నది మూడు వాయిదాలు, వాళ్లడిగింది దానికి నాలుగింతలు. నా డబ్బా ముందుకి తోస్తే వెనక్కి తోసింది, కోపంతో కాదు, సరిపోదు కాబట్టి. గోడలకి రంగులు వేయించాలని దాచుకున్నది తీసి కట్టింది. బాకీ లేదని రెండురోజుల్లో కాయితం వచ్చింది. అది పట్టుకునే ఇవాళ లోపలికెళ్లింది. పోస్టుమేన్ కాలు కూడా తెచ్చుకో అంటే సిగ్గుపడి, ఫోనులో అచ్చు వైపు ఫోటో తీసుకుంది, కాలు ఆకారంలో ఉన్న కాయితం బ్యాంకులో ఎలా ఇస్తాం నాన్నా, అంది. నేను సంచిలో వేసుకుని వచ్చాను. వాయిదాలు ఆపిందెవరని వాళ్లు అడుగుతారు. నేనే మర్చిపోయానంటానంది. డిపోలో ఎవరో చెప్పారట, మిషను వేరేవాళ్లది, సంతకం నీది అంటే ఇంకా కష్టం, పేరు అరువిచ్చే మనిషికి బ్యాంకు అప్పివ్వదని. కాబట్టి మర్చిపోయింది అదే. పదకొండేళ్లుగా బస్సులో మర్చిపోయిన గొడుగులు, సంచులు, టిఫిను డబ్బాలు డిపోలో అప్పగించే పిల్ల. ఒక్క వస్తువు మర్చిపోయి ఎరగని పిల్ల.

ఇదిగో, బల్ల కింద మేడం మడమ బూటులోకి వెళ్లిపోయింది. రెండు కాళ్లూ నేలకి ఆన్చింది. అంటే లెక్కలు అయిపోయాయి, ఏదో తేల్చబోతోంది. కూతురి కుడికాలు మెల్లిగా ముందుకి జరిగి, వేళ్లు కిందికి నొక్కింది. బ్రేకు. గట్టిగా తొక్కుతోంది. అక్కడ పెడలు లేదమ్మా. రెండు పొరల అట్ట వంగడం ఇక్కడికి కనిపిస్తోంది. నేను లేచాను. ఎవరూ పిలవలేదు. మెత్తటి కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ఊగాల్సి వచ్చింది. తలుపు తోసేసరికి మేడం, ఈ ఫోటో చాలదమ్మా, బాకీ లేదన్న కాయితంలో పాత షాపు పేరు లేదు, రెండు పేర్లూ ఉన్న అసలు కాయితం కావాలి, అంటోంది. కూతురు నన్ను చూసి కళ్లతోనే వద్దంది. నేను సంచిలోంచి కాలు తీసి బల్లమీద పెట్టాను.

మేడం దాన్ని చూసింది. కూతుర్ని చూసింది. మళ్లీ దాన్ని చూసింది.

"ఇదేంటండీ?"

"పోస్టుమేన్ కుడికాలు," అన్నాను. "తిప్పండి."

తిప్పింది. చదివింది. వేలితో ఆ బొడిపె చుట్టూ తడిమి, నంబరు తన కాయితంతో సరిచూసుకుంది.

"వాయిదాలు ఆపింది నేను," అన్నాను. "మా అమ్మాయి కాదు. మిషను నాది, సంతకం దానిది. షాపు మూసేశారు. అయిపోయాయా అని అడిగితే ఊ అన్నాను. దానికి తెలీదు."

కూతురు, నాన్నా, అంది, చాలా చిన్నగా. నేను డబ్బా తీసి మూత తిప్పాను. మూత పట్టేసింది, తొమ్మిదేళ్లయింది తీసి, చొక్కా అంచుతో పట్టి తిప్పాల్సి వచ్చింది. గదంతా పాలిష్ వాసన వచ్చింది. మూడు పొట్లాలు. దారాలు అలాగే ఉన్నాయి. మేడం ఒకటి పట్టుకుని చూసి, విప్పకుండానే పెట్టేసింది.

"షాపే లేదన్నారు కదా. ఇన్నాళ్లూ ఎందుకు దాచారు మరి, వాడుకోకుండా?"

ఇది ఎలాంటి ప్రశ్నో నాకు అర్థం కాలేదు.

"నావి కాదు కదా," అన్నాను.

ఆవిడ డబ్బాకి మూతేసి నావైపు జరిపింది. ఏమీ అనని మనుషుల దగ్గర నాకు హాయిగా ఉంటుంది. కుర్చీ చూపించింది, కూర్చున్నాను, ఇది గట్టి కుర్చీ, బాగుంది. ఆవిడ కంప్యూటర్లో ఏదో రాసింది, చాలాసేపు రాసింది, నేనన్న నాలుగు మాటలూ అంత పొడుగయ్యాయా అనుకున్నాను. అచ్చు తీసి కూతురికిచ్చింది, పైకి చదవమంది. అందులో మిషను కథంతా ఉంది, షట్టరు ఉంది, డబ్బా ఉంది. కింద ఇద్దర్నీ సంతకం పెట్టమంది. కూతురు ఇప్పుడు చిన్న సంతకం పెడుతుంది, ఒక చుట్ట, ఒక గీత, అంతే. నేను నా మేకులు ఒక్కొక్కటీ కొట్టాను. మేడం లేచి, ఎడమ బూటు కరుస్తుంటే కుంటుకుంటూ పక్క గదిలో పెద్దాయన దగ్గరికి ఆ కాయితాలు, ఆ కాలు పట్టుకుని వెళ్లింది. కూతురు, నేను, పక్కపక్కన. నువ్వు ఇన్ని మాటలు ఒక్కసారిగా అనడం ఇదే మొదటిసారి నాన్నా, అంది. ముందుకి చూస్తూనే అంది. పక్క గదిలోంచి ఎవరో పెద్దగా నవ్విన చప్పుడు వచ్చింది. నవ్వు మంచిదో కాదో ముఖం చూడందే చెప్పలేం, నాకు అదొక ఇబ్బంది. కానీ ఆవిడ తిరిగి వచ్చేటప్పుడు నడక విన్నాను. కుంటడం మర్చిపోయింది.

ఇస్తామంది. పాత మచ్చ వల్ల మొదటి మూడేళ్లు వడ్డీ పావు శాతం ఎక్కువ పడుతుంది, వాయిదా ఒక్కటి కూడా తప్పకపోతే తర్వాత తగ్గిస్తాం, మధ్యాహ్నం మూడింటికి ఇంటాయన్ని తీసుకొచ్చేయండి అంది. కూతురు తలూపింది, ఊపుతూనే ఉంది. నేను బల్లమీది కాయితం కాలు తీసుకోబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది. అది ఫైల్లో ఉండాలి, అసలు కాయితం కదా, లోను తీరేదాకా మా దగ్గరే. పోస్టుమేన్ కుడికాలిని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పై అంచున రెండు రంధ్రాలు పొడిచింది, కాలికి తగలకుండా, జాగ్రత్తగా. మంచి చెయ్యి. లేచి తలుపు దగ్గరికెళ్లాక ఆగాను. మడమ అంచుకి లోపల కొవ్వొత్తి రుద్దండి మేడం, ఎడమదానికి, అన్నాను. ఆవిడ కిందికి చూసుకుంది. బయట ఆ కొత్త జత ఆవిడ ఇంకా వరసలోనే ఉంది, ఆవిడకి కూడా చెప్పాను. ఒకరోజుకి ఇంక చాలు.

బయట ఎండ బాగుంది. స్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. కూతురు ఫోనులో ముందు వాళ్లమ్మకి చెప్పింది, అవతల్నుంచి అరుపు నాకు కూడా వినిపించింది, అది సంతోషం అరుపే, పక్కన నిలబడ్డాయన కూడా తిరిగి చూశాడు. తర్వాత ఇంటాయనకి చెప్పింది. ఫోను పెట్టేసి, బూటు కొన నేలమీద ఆడించింది. ఇరవై ఏళ్లు నాన్నా, అంది. నెలకొకటి, రెండువందల నలభై వాయిదాలు. ప్రతి నెలా నువ్వే వచ్చి కట్టాలి. నాకు డ్యూటీ ఉంటుంది.

ఊ, అన్నాను.

"ఊ కాదు. మాటల్లో చెప్పు."

నాకు అరవై తొమ్మిది. దానికీ తెలుసు, నాకూ తెలుసు. వరండాలో ఎడమవైపు నుంచి పడే వెలుతురు గుర్తొచ్చింది, రెండువందల నలభై సోమవారాలు ఒక్కసారిగా కాకుండా ఒక్కొక్కటే వస్తాయి కదా అనిపించింది, ఒక్కొక్కటైతే కట్టొచ్చు.

"కడతాను," అన్నాను. "కట్టి, రసీదు తెచ్చి నీ చేతిలో పెడతాను. ఏ నెలైనా కట్టలేకపోతే ఆరోజే చెప్తాను."

సరే, అంది. డబ్బా తీసుకో, దాంతో వరండా గోడ ఒక్కటైనా రంగు వేయించు, అన్నాను. సరే, అని సంచిలో వేసుకుంది, ఈసారి తోసేయలేదు. మేం ఎక్కాల్సిన బస్సు, అది నడిపేది కాదు, ఇంకా రాలేదు. నేను రోడ్డు చూస్తున్నాను, వచ్చేపోయే కాళ్లు చూస్తున్నాను. ఏంటి మళ్లీ ఆలోచిస్తున్నావు, అంది.

పోస్టుమేన్‌కి వచ్చే వారం కొత్త జత ఇవ్వాలి, అన్నాను, కాలు చూస్తే బ్యాంకులో ఉండిపోయింది.

మొదట అర్థం కాలేదు దానికి. తర్వాత నవ్వు మొదలైంది, ఆపుకోబోయింది, ఆగలేదు, బెంచీ కదిలింది. పదకొండు రోజుల తర్వాత నవ్వింది. "ఇరవై ఏళ్లాగమను ఆయన్ని," అంది, కళ్లు తుడుచుకుంటూ. "లోను తీరాక ఇచ్చేస్తారు."

అప్పటికి ఆ ఎముక ఇంకా పెరుగుతుంది, ఆ కొలత ఎలాగూ పనికిరాదు. ఆయన్ని మళ్లీ నిలబెట్టాలి, కొత్తగా గీయాలి. ఉత్తరం ఏదైనా తెస్తే ముందు దాన్నే చదివి పెట్టమంటాను, తర్వాతే తిప్పుతాను.